ఉత్తకాళ్ల పరుగుకు వారం లెక్క

కిలోమీటరుకు 7 నిమిషాలు, నిమిషానికి 165 అడుగులు. పొద్దున్నే కాలనీ రోడ్ల మీద పరుగెత్తే మామూలు మనిషి వేగం ఇంచుమించు ఇంతే. ఈ లెక్కన 5 కిలోమీటర్లకు 35 నిమిషాలు, 5,775 అడుగులు. అంటే ఒక్కో పాదం దాదాపు 2,900 సార్లు నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ దాని మీద పడే భారం ఒంటి బరువుకు రెండున్నర రెట్ల దాకా ఉంటుంది. 70 కిలోల మనిషికి అది 175 కిలోలు. కాలికి షూ ఉన్నా లేకున్నా ఈ మొత్తం పెద్దగా మారదు. ఆ 175 కిలోలను ఎవరు మోస్తారన్నదే మారుతుంది: మడమా, మోకాలా, పిక్కా, పాదం ముందున్న సన్నటి ఎముకలా?

హైదరాబాదులో మా ఉప్పల్, నాచారం జనానికి చెప్పుల్లేని నడక కొత్తేమీ కాదు. కార్తీకం వచ్చిందంటే మాల వేసుకున్న స్వాములు 41 రోజుల పాటు ఉత్తకాళ్లతోనే మెట్రో ఎక్కుతారు, నాచారం పారిశ్రామికవాడలో డ్యూటీకి పోతారు. ఆషాఢంలో బోనమెత్తిన ఆడవాళ్లు డాంబర్ రోడ్డు మీద అలాగే నడుస్తారు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కినవాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. అందుకే ఉత్తకాళ్ల పరుగు మాట ఎత్తగానే “మన తాతలకు షూలు ఉన్నాయా?” అన్న ప్రశ్న వస్తుంది. ప్రశ్న మంచిదే. కాకపోతే అది నడక గురించిన ప్రశ్న.

నడక వరకు తాతలదే గెలుపని చెప్పే లెక్క మన దేశంలోనే ఉంది. యు.బి. రావు, బెంజమిన్ జోసెఫ్ అనే వైద్యులు 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలు తీసి 1992లో ఫలితాలు ప్రచురించారు. షూలు, చెప్పులు అలవాటున్న పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలు ఉంటే, ఉత్తకాళ్లతో తిరిగే పిల్లల్లో అది 2.8 శాతమే. మూడు రెట్ల తేడా. చిన్నతనంలో పాదాన్ని దాని మానాన వదిలేస్తే వంపు బాగా నిలుస్తుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. కానీ ఇది ఎదిగే పిల్లల సంగతి. ఒకటో తరగతి నుంచి బ్లాక్ షూస్ తొడిగి, ఇప్పుడు జెన్‌ప్యాక్ట్ ఆఫీసులో కుర్చీలో కూర్చుని పనిచేసే ముప్పై అయిదేళ్ల మనిషి ఒక ఆదివారం షూ విప్పేసి పరుగు తీస్తే ఏమవుతుందో ఇది చెప్పదు.

పరుగుకు అందరూ చెప్పే ఉదాహరణ అబెబె బికిలా. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఈ ఇథియోపియా సైనికుడు ఉత్తకాళ్లతో మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచాడు. కథను అక్కడితో ఆపేస్తారు. 1964లో టోక్యోలో ఆయనే షూలు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లకు వచ్చాడు. 3 నిమిషాల 5 సెకన్లు తక్కువ, పైగా అపెండిక్స్ ఆపరేషన్ జరిగి కొన్ని వారాలే. మన హైదరాబాదుకే చెందిన కథ ఇంకొకటుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ మన సయ్యద్ అబ్దుల్ రహీమ్. జట్టులో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడారు. దేశంలో ఫుట్‌బాల్‌కు బూట్లు తప్పనిసరి అయింది ఆ తర్వాతే. ఇలాంటి కథలు ఎన్ని చెప్పుకున్నా ఉత్తకాళ్లు గొప్పవనీ తేలదు, షూలు గొప్పవనీ తేలదు.

ఉత్తకాళ్ల పరుగు మళ్లీ ఊపందుకున్నది 2009–10లో. క్రిస్టఫర్ మెక్‌డూగల్ పుస్తకం ‘బార్న్ టు రన్’ 2009లో వచ్చింది. మెక్సికో కొండల్లో పాత టైరు ముక్కలతో చేసిన చెప్పులు కట్టుకుని రోజంతా పరుగెత్తే తారాహుమారా జనాన్ని ప్రపంచానికి చూపించింది. టైరు చెప్పులు మనకు తెలియనివా! తెలంగాణ పల్లెల్లో రైతులూ కూలీలూ తొడిగినవే. మామూలు రన్నింగ్ షూలో మడమ భాగం వేళ్ల భాగం కన్నా 10–12 మిల్లీమీటర్లు ఎత్తుంటుంది. టైరు చెప్పులో ఆ తేడా సున్నా. ఇప్పుడు మినిమలిస్ట్ షూ పేరుతో వేల రూపాయలకు అమ్ముతున్నదీ ముఖ్యంగా ఆ సున్నానే. ఏది ఎంత మినిమలిస్టో కొలిచే సూచిక కూడా ఉంది. 2015లో 11 దేశాలకు చెందిన 42 మంది నిపుణులు కలిసి తయారుచేశారు. బరువు, మెత్తగా వంగడం, అడుగు మందం, మడమ ఎత్తు తేడా, పాదాన్ని పట్టి ఉంచే అమరికలు చూసి 100కు మార్కులు వేస్తారు.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 2010 జనవరిలో, హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం ‘నేచర్’లో ఒక పరిశోధన ప్రచురించింది. చిన్నప్పటి నుంచీ ఉత్తకాళ్లతో పరుగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగంతో దిగుతారనీ, మడమతో దిగినప్పుడు తగిలే మొదటి దెబ్బ వాళ్లకు బాగా తక్కువనీ తేల్చింది. చాలామంది అంతవరకే చదివారు. 2013లో కెన్యాలో ఉత్తకాళ్లతో తిరిగే దాసనాచ్ తెగవాళ్లు 38 మందిని పరీక్షిస్తే, నిదానంగా పరుగెత్తేటప్పుడు 72 శాతం మడమతోనే దిగారు. ప్రకృతి సహజమైన పరుగు ఇదొక్కటే అనడానికి లేదన్నమాట. ఇక శ్రమ సంగతి. ఒక్కో షూకు 100 గ్రాముల బరువు పెరిగితే శ్రమ సుమారు 1 శాతం పెరుగుతుంది. అలాంటప్పుడు షూ అసలే లేకపోతే ఇంకా లాభం కదా! కానీ 2012లో ఉత్తకాళ్ల పరుగు అలవాటున్న 12 మందిని కొలిస్తే, 8 మందికి తేలికపాటి షూలోనే తక్కువ ఆక్సిజన్ ఖర్చయింది. అడుగున ఉండే మెత్తదనం కొంత పని చేసిపెడుతుంది. అది తీసేస్తే ఆ పని కండరాల మీద పడుతుంది.

అసలు చూడాల్సిన అంకె 2013లో వచ్చింది. సారా రిడ్జ్ బృందం అనుభవమున్న 36 మంది రన్నర్లను తీసుకుంది. 19 మందికి వేళ్లు విడివిడిగా ఉండే పలుచటి షూలు ఇచ్చింది, 17 మందిని పాత షూల్లోనే ఉంచింది. పలుచటి షూ వాళ్లకు మొదటివారం 1.6 నుంచి 3.2 కిలోమీటర్ల పరుగు ఒక్కటే. రెండోవారం రెండు, మూడోవారం మూడు, ఆపైన ఓపికను బట్టి పెంచుకోవడం. వినడానికి ఎంతో జాగ్రత్తగా ఉన్న పథకమే. 10 వారాల తర్వాత ఎమ్మారై తీస్తే పలుచటి షూ వాళ్లలో 19 మందికి 10 మంది పాదం ఎముకల్లో వాపు పెరిగింది. పాత షూల వాళ్లలో 17 మందికి ఒక్కరు. ఆ మరుసటి ఏడాది, 2014లో, వైబ్రామ్ కంపెనీ తన ఐదువేళ్ల షూల ప్రచారంపై అమెరికాలో నడిచిన దావాను 37.5 లక్షల డాలర్లకు పరిష్కరించుకుంది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

ఎందుకిలా? చర్మం, కండరం, ఎముక ఒకే వేగంతో అలవాటు పడవు. అరికాలి చర్మం వారాల్లో మందమవుతుంది. పాదం కండరాలకు నెలా రెండు నెలలు చాలు. 57 మంది రన్నర్లతో 2019లో చేసిన అధ్యయనంలో 8 వారాలు పలుచటి షూలతో ఊరికే నడిచినవాళ్లకు కూడా పాదం కండరాలు వ్యాయామం చేసినవాళ్లతో సమానంగా బలపడ్డాయి. ఎముకది వేరే పద్ధతి. కొత్త భారం పడినచోట అది ముందు పాత భాగాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది కడుతుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ మధ్య వారాల్లో ఎముక మునుపటి కన్నా బలహీనం. మాలధారణ ముగించుకొచ్చిన స్వామి సంగతే చూడండి. 41 రోజుల నడకతో అరికాలు గట్టిపడింది, కంకర గుచ్చుకోవడం లేదు, పాదం తేలిగ్గా ఉంది. “ఇక పరుగెత్తగలను” అనిపిస్తుంది. అలా చెబుతున్నది చర్మం. పాదంలో రెండో, మూడో వేలి వెనక ఉండే సన్నటి ఎముకను ఇంకా ఎవరూ అడగలేదు.

కాబట్టి వారం లెక్క రాసుకోవాలి. కానీ ఏ అంకె? “వారానికి 10 శాతానికి మించి పెంచకు” అనే సూత్రం పరుగు నేర్పే ప్రతివాళ్లూ చెబుతారు. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త రన్నర్లను రెండుగా విడదీసి 2008లో దీన్ని పరీక్షించారు. సూత్రం పాటించినవాళ్లలో గాయాలు 20.8 శాతం, పాటించనివాళ్లలో 20.3 శాతం. తేడా లేదు. 2025లో 5,200 మందికి పైగా రన్నర్ల గడియారాల్లో నమోదైన పరుగులను విశ్లేషించిన పరిశోధన అసలు సంగతి పట్టుకుంది. గాయానికి ముడిపడింది వారం మొత్తం కాదు, ఒక్క పరుగు. గత 30 రోజుల్లోని అతి పొడవైన పరుగు కన్నా ఈరోజుది 10 నుంచి 30 శాతం ఎక్కువైతే గాయం ముప్పు 64 శాతం పెరిగింది. రెట్టింపు దాటితే 128 శాతం పెరిగింది. అది షూ రన్నర్ల లెక్కే అయినా ఉత్తకాళ్లకు మరింత గట్టిగా వర్తించాలని నా అభిప్రాయం. మన దగ్గర ఆదివారం స్నేహితులతో కలిసి “ఇంకో రౌండు” కొట్టే అలవాటు ఎంత ఉందో తెలిసిందే కదా.

ఈ 10 శాతాన్నే వారానికోసారి, పొడవైన ఉత్తకాళ్ల పరుగుకు మాత్రమే పెట్టుకుందాం. మొదటిది 500 మీటర్లు. రెండోవారం 550, మూడోవారం 605. ఇలా పోతే 5 కిలోమీటర్లు దాటడానికి 25 వారాలు పడుతుంది. కార్తీకంలో మొదలుపెట్టినవాళ్లకు వైశాఖం వచ్చేస్తుంది. అక్కడి నుంచి 10 కిలోమీటర్లకు ఇంకో 7 వారాలు చాలు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10కె ఈ లెక్కకు అందుతుంది. కాగితం మీద 40 వారాలకు హాఫ్ మారథాన్ కూడా అందుతుంది గానీ, దాన్ని కాగితం మీదే ఉంచడం మంచిది. వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తే మనిషి మొదటివారం మూడుసార్లు 500 మీటర్ల చొప్పున 1.5 కిలోమీటర్లు షూ విప్పి, మిగతా 18.5 పాత షూలోనే పూర్తిచేయాలి. ఇది చాలామందికి నామోషీగా ఉంటుంది. పిక్కకు మాత్రం ఇదే చాలా ఎక్కువ, రెండోరోజు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

బరువు లెక్క కూడా ఉంది. 61 మంది రన్నర్లను 26 వారాలు గమనించిన 2017 నాటి అధ్యయనంలో, 71.4 కిలోల పైబడినవాళ్లకు మామూలు షూలో కన్నా పలుచటి షూలో గాయాల ముప్పు ఎక్కువని తేలింది. 85.7 కిలోల దగ్గర మూడు రెట్లు. బరువు తగ్గడం కోసం పరుగు మొదలుపెట్టేవాళ్లు ఉత్తకాళ్లతో మొదలుపెట్టకూడదన్నది నా గట్టి మాట. బరువు తగ్గాక చూసుకోవచ్చు. మధుమేహం ఉన్నవాళ్లకైతే ఈ పరుగు వద్దు. 2023 ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. అరికాలి స్పర్శ తగ్గినవాళ్లకు గుచ్చుకున్న ముల్లు తెలియదు, పుండైన తర్వాత తెలుస్తుంది.

ఎక్కడ పరుగెత్తాలన్నది ఈ వైపు చిన్న సమస్య కాదు. నాచారం పారిశ్రామికవాడ రోడ్ల మీద మొలలు, స్క్రూలు, ఇనుప రజను ఉంటాయి. అక్కడ షూ విప్పొద్దు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6 కిలోమీటర్లకు పైగా ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగిన వరంగల్ రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ఉప్పల్ భగాయత్ లేఅవుట్‌లో రోడ్లు వెడల్పు. కాకపోతే ఖాళీ ప్లాట్ల అంచుల్లో పల్లేరుకాయలూ, గాజు పెంకులూ చూసుకోవాలి. ఉప్పల్ నుంచి మెట్రోలో నాలుగో స్టేషన్ తార్నాక. దిగితే ఉస్మానియా క్యాంపస్ దగ్గరే. సీసీ రోడ్డు చర్మాన్ని అరగదీస్తుంది. డాంబర్ రోడ్డు మీద వేసిన తెల్లగీత నున్నగా ఉంటుంది గానీ వానలో జారుతుంది. మే చివర్లో సూర్యుడు 5:40కే వస్తాడు. 44 డిగ్రీల వేడి చర్మాన్ని కాల్చడానికి గంటలు పడితే, 60 డిగ్రీలకు 5 సెకన్లు చాలని 1947 నాటి ప్రయోగాలే చెప్పాయి. మధ్యాహ్నపు డాంబరు ఆ 60కి చేరగలదు. వేసవిలో ఏడు దాటక ముందే ఇంటికి రావాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే ముందు అది వేయించుకోవాలి. ఎముక సంగతీ మరవొద్దు: తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని నిర్ణయించింది. టీలో పోసుకునే పాలతో అంత రాదు.

నోటుబుక్కులో కిలోమీటర్లతో పాటు ఇంకో రెండు రాయండి. మర్నాడు మంచం దిగి వేసిన మొదటి అడుగులో నొప్పి ఉందా లేదా. పాదం పైభాగాన బొటనవేలితో నొక్కితే ఒకే చోట పోటు వస్తుందా లేదా. పిక్క లాగితే రెండురోజుల్లో పోతుంది, ఫరవాలేదు. ఎముక మీద ఒకే చోట పోటు వస్తే మాత్రం పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా మళ్లీ మొదలుపెట్టకండి. ఇలాంటి సన్నటి చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు, ఎమ్మారైలో కనబడుతుంది.