హంతకుడెవరో వాడకు ముందే తెలుసు

సుకుమార్ ‘రంగస్థలం’ 2018 మార్చి 30న విడుదలైంది. మనుబోలు నుంచి బస్సెక్కి, మా చిన్నాయనతో కలిసి నెల్లూరులో చూశాను. 1980ల నాటి గోదావరి పల్లె కథ అది. ప్రెసిడెంటు ఫణీంద్ర భూపతి ఊరిని అప్పులతో, భయంతో గుప్పిట్లో పెట్టుకుంటాడు. అతనిపై ఎన్నికల్లో నిలబడిన కుమార్‌బాబు హత్యకు గురవుతాడు. అనుమానమంతా ప్రెసిడెంటు మీదకే పోతుంది. చివరికి తేలే హంతకుడు, కుమార్‌బాబును వెనుక నుండి ప్రోత్సహించిన పెద్దమనిషి దక్షిణామూర్తి. తక్కువ కులంవాడు తన కూతుర్ని ప్రేమించడమే ఆ హత్యకు కారణం.

దక్షిణామూర్తి తెర మీద కుమార్‌బాబుకు అండగా నిలిచినప్పుడే చిన్నాయన నా చెవిలో అన్నాడు: ‘‘ఈ పెద్దాయన మీద ఓ కన్నేసి ఉంచు అబ్బయ్యా. ఓటుకు రమ్మన్నోళ్లంతా ఇంట్లోకి రమ్మంటారా?’’

నియో నోయర్ అని పిలిచే చీకటి నేరచిత్రాల్లో గౌరవనీయుడే దోషిగా తేలడం కొత్త కాదు. 1974 నాటి ‘చైనాటౌన్’ ఆ దారిలోదే. అయితే మన దర్శకుడు హత్య వెనుక కులాన్ని చివరిదాకా దాచి, మలుపుగా వాడుకున్నాడు. ఊరివైపు కూర్చున్న ప్రేక్షకుడికి అది మలుపే. వాడ నుంచి వచ్చిన చిన్నాయనకు మాత్రం అది రోజూ నడిచే దారి. వ్యాపార చిత్రం ఆ మాత్రం చెప్పడమే గొప్ప అనే మిత్రులున్నారు. కాదనను. భూస్వామి దౌర్జన్యాన్ని చూపడం మన సినిమాకు ఎప్పుడూ సులువే. అభ్యుదయం మాట్లాడే నాయకుడి ఇంటి గడపను చూపడానికి కొంత తెగువ కావాలి.

నా అభ్యంతరం ముగింపుతో. తమ్ముడు చిట్టిబాబు మంచాన పడిన దక్షిణామూర్తికి సేవచేసి, కోలుకున్నాక చంపుతాడు. పగ తీరుతుంది, ప్రేక్షకుడు తేలికపడి ఇంటికి పోతాడు. ఊరికి ఏ ప్రశ్నా మిగలదు.

ఆ సినిమా వచ్చిన ఆరు నెలల లోపే, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ప్రణయ్‌ను నరికి చంపారు. కిరాయి హంతకులను పురమాయించింది ఆమె తండ్రేనని పోలీసులు తేల్చారు. విచారణ ముగియకముందే, 2020లో ఆయన మరణించాడు. నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. నడుమ ఆరున్నరేళ్లు. వాయిదాలకు తిరుగుతూ, ముద్దాయిల బంధువులు తిరిగే వీధుల్లోనే బతుకుతూ కొడుకును పోగొట్టుకున్న ఇల్లు గడిపిన ఆ కాలానికి ‘రంగస్థలం’లో ఒక్క దృశ్యమూ లేదు.