ఫిజీ దీవుల శాసనసభ – వేఱు పట్టికలు, ఉమ్మడి పట్టిక



ఈ పూట నేను ప్రసంగింపబోవు విషయము మనకు చాల దూరమున, పసిఫిక్ మహాసముద్రమునందున్న ఫిజీ దీవులకు సంబంధించినది. అంత దూరపు సంగతి మనకేల యని మీరనుకొనవచ్చును. 1903వ సంవత్సరము మొదలుకొని చెన్నపట్టణపు రేవున ఓడలెక్కి, ఆ దీవుల చెఱకుతోటలలో కూలికై పోయినవారిలో మన తెలుగువారును గలరు. 1941లో వారు అచ్చట తమకొక ఆంధ్ర సంఘమును గూడ స్థాపించుకొనిరి. కావున ఆ దేశపు ఓటు కథ కొంతవఱకు మన బంధువుల కథయే.

ఫిజీ దీవులు 1874లో ఇంగ్లీషువారి యేలుబడిలోనికి వచ్చెను. 1879 మొదలు 1916 వఱకు అఱువదివేల మందికి పైగా భారతీయులు అయిదేండ్ల ఒడంబడికపై అచ్చటికి కొనిపోబడిరి. ఆ ఒడంబడికను, అనగా అగ్రిమెంటును, వారు తమ నోట ‘గిర్మిట్’ అనిరి. 1920లో ఆ కట్టు తెగిపోయినది. పెక్కుమంది తిరిగి రాక, కౌలుకు భూములు పట్టి, అచ్చటనే కాపురముండిరి. అప్పటికి ఆ దేశమున మూడు జాతులు చేరినవి: నేలకు హక్కుదారులైన ఫిజీయులు, చెఱకు పండించు భారతీయులు, అధికారమును వర్తకమును చేతబట్టిన ఐరోపావారు.

ఇక శాసనసభ మాట వినుడు. 1904లో ఐరోపావారికి ఆఱు స్థానములకు సభ్యులను ఎన్నుకొను హక్కు గలిగెను. ఫిజీయుల సభ్యులను గవర్నరు, తెగ పెద్దల మహాసభ పంపిన పేర్లనుండి నియమించుచుండెను. సామాన్య ఫిజీయునకు ఓటు లేదు. 1916లో ఒక భారతీయుని గవర్నరు నియమించెను. 1929లో మాత్రమే భారతీయులు తమ సభ్యులను తామే యెన్నుకొనిరి. వారికి మూడు స్థానములు. ఆ ఓటును ఆస్తి, ఆదాయము వంటి అర్హతలుగల మగవారికే.

లెక్క చూడుడు. 1921వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఐరోపావారు నాలుగువేలకు లోపుగాను, భారతీయులు అఱువదివేలకు పైగాను ఉండిరి. నాలుగువేల మందికి ఆఱు స్థానములు, అఱువదివేల మందికి మూడు. ఇందలి అన్యాయము చిన్నపిల్లవానికైనను తెలియును.

అయినను, ఎన్నికైన ఆ మువ్వురు భారతీయులు, అనగా విష్ణుదేవ్, పరమానందసింగ్, జేమ్స్ రామచందర్ రావుగారలు, సభలో తమ ముఖ్యమైన కోరికగా అడిగినది స్థానములు పెంపుమని కాదు. జాతికొక ఓటర్ల పట్టిక యుండరాదు, అందఱి పేర్లును ఒక్క పట్టికలో నుండవలెను అని వారు కోరిరి. 1929 నవంబరు 5వ తేదీన ఆ తీర్మానము సభలో వీగిపోయెను. వెంటనే ఆ మువ్వురును సభ విడిచి వెడలిపోయిరి.

స్థానములు తక్కువై యుండగా పట్టికకై యింత పట్టుదల యేల? ఈ ప్రశ్నకు నా బడిలోని యొక అనుభవము చెప్పెదను.

నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున మా తరగతిలో రెండు ఊళ్ల పిల్లలుండిరి. ఇద్దఱు నాయకులు కావలసివచ్చి, ఏ ఊరివారు ఆ ఊరి పిల్లవానిని ఎన్నుకొనుడంటిని. తగవులుండవని నా తలంపు. నెల తిరుగకుండ ఆ ఇద్దఱును ఇద్దఱు వకీళ్లయిరి. తన ఊరివాని తప్పు కప్పుటయు, పొరుగూరివాని తప్పు చాటుటయు వారి పనియైనది. తప్పు పిల్లలది కాదు, నాది. మఱుసటి యేడు, నాయకులు ఊరికొక్కరే యైనను, ఇద్దఱికిని తరగతియంతయు చేతులెత్తవలెనని మార్చితిని. అప్పుడు పొరుగూరివారి మెప్పుకూడ పొందిన మెత్తని పిల్లలే నెగ్గిరి.

పట్టికలోని కిటుకు ఇదియే. ఏ జాతి ఓటు ఆ జాతివానికే యైనప్పుడు, పొరుగువాని గుమ్మమునకు పోయి యడుగవలసిన పని అభ్యర్థికి లేదు. వాని కష్టము వినవలసిన పనియు లేదు. పైగా, పొరుగువానిని నిందించినకొలది తనవారిలో మెప్పు హెచ్చును.

మన దేశమునను 1909లో మహమ్మదీయులకు ప్రత్యేక నియోజకవర్గము లేర్పడినవి. స్వతంత్ర భారత రాజ్యాంగము ఆ పద్ధతిని విడిచి, ప్రతి నియోజకవర్గమునకును ఒక్కటే పట్టికయని శాసించినది. మన పంచాయతీలలో సర్పంచి పదవి ఒక వర్గమునకు ప్రత్యేకింపబడినను, ఓటు ఊరివారందఱిదియు. స్థానమును ప్రత్యేకించుట వేఱు, ఓటరును వేఱుచేయుట వేఱు.

అయితే రెండవ పక్షమువారి మాటయు వినవలెను. ఫిజీయులకు భయము కలదు. భూమి చాలవఱకు వారి వంశములదే యైనను, భారతీయుల సంఖ్య నానాటికి పెరిగి, 1946 నాటికి ఫిజీయులను మించెను. ఒక్క పట్టికయైనచో తమ నేలలో తాము వెనుకబడుదుమని వారి దిగులు. దానిని కొట్టివేయరాదు. కాని ఆ దిగులును తీర్చు మార్గము వెదకుటకు మాఱుగా, గోడను నిలుపుటయే పాలకులకు సులభమైనది. 1937లో మూడు జాతులకును అయిదేసి స్థానములనిరి. గోడ మాత్రము కదలలేదు.

ఫిజీయులకును స్త్రీలకును ఓటు 1963లో గాని రాలేదు. 1966లో గోడకొక కిటికీ తెఱచిరి. తొమ్మిది స్థానములలో జాతికి మూడేసి యుంచి, వానికి అన్ని జాతులవారును ఓటు వేయవలెనని పెట్టిరి. 1970లో స్వాతంత్ర్యము వచ్చినప్పుడు ఫిజీయులకు 22, భారతీయులకు 22, తక్కినవారికి 8 స్థానము లేర్పడెను. వానిలోను సగమునకు పైగా జాతి పట్టికలపైననే నిలిచెను.

1987 ఏప్రిలులో తిమోసి బవాద్ర ప్రధానిగా క్రొత్త ప్రభుత్వ మేర్పడెను. ఆయన ఫిజీయుడే. కాని ఆయన పక్షపు సభ్యులలో భారతీయ సంతతివారు హెచ్చు. తరువాతి నెలలోనే, మే 14న, సైన్యము ఆ ప్రభుత్వమును పడద్రోసెను. తరువాత 1990 నాటి రాజ్యాంగము స్థానములన్నిటిని మరల జాతి పట్టికలకే యిచ్చి, ప్రధాని ఫిజీయుడే కావలెనని విధించెను. భారతీయ సంతతివారు వేలకొలది ఆ దేశము విడిచి పోయిరి.

తుదకు 2013 నాటి రాజ్యాంగము జాతి పట్టికలను తీసివేసెను. 2014 సెప్టెంబరులో దేశమంతయు ఒక్క పట్టికపై ఓటువేసెను. ఆ మువ్వురు సభ విడిచిన నాటికి ఇది యెనుబదియైదవ యేడు. అదియైనను సైన్యము చేతబట్టిన ప్రభుత్వము ఇచ్చినదే గాని, అన్ని జాతుల పెద్దలును కూర్చుండి కుదుర్చుకొన్న ఒప్పందము కాదు. పట్టిక యొక్కటి యైనంత మాత్రమున మనసులు ఒక్కటి కావు. వాడుకతో గాని నమ్మకము కుదురదు.

పెద్దలారా, గ్రామమున మీ మాటకు విలువ గలదు. రేపు మీ యూర నొకడు వచ్చి, మనవాని ఓటు మనవానికే యనినచో, వానినొక్క మాట యడుగుడు. నాయనా, గెలిచిన పిమ్మట నీవు ఎవరి గుమ్మమునకు పోనక్కఱలేదు? అట్టి గుమ్మ మొక్కటైన నున్నచో, ఊరిలో గోడ కట్టుట మొదలైనదని తెలిసికొనుడు. ఫిజీవారికి ఆ గోడ తీయుటకు ఎనుబదియైదేండ్లు పట్టినది.