అదే పద్యం, మరో గొంతు

మా గోరంట్లలో నాటకమాడే రాత్రి కథ తెలీకుండా వచ్చి కూర్చునేవాడు ఒక్కడూ ఉండడు. రాయబారానికొచ్చిన కృష్ణుడు ఏం చెప్తాడో చిత్రావతి అవతలి ఊళ్ల పిల్లోళ్లకీ తెలుసు. అయినా తెల్లారేదాకా ఎవరూ లేవరు. ఈ కృష్ణుడు ఆ పద్యాన్ని ఎట్లా ఎత్తుకుంటాడో చూడాలి కదా! తిరుపతి వేంకట కవులు రాసిన పద్యం ఒకటే. షణ్ముఖి ఆంజనేయరాజు పాడితే ఒక తీరు, పీసపాటి నరసింహమూర్తి పాడితే ఇంకో తీరు. మనసుకు పడితే వన్స్‌మోర్.

పాత జాజ్ పాటల రికార్డు వినడానికి ఇంతకు మించిన చదువు అక్కర్లేదని నా నమ్మకం.

ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి పాడిన ‘ఎల్లా అండ్ లూయీ’నే తీసుకుందాం. 1956 ఆగస్టు 16న హాలీవుడ్‌లో ఒక్కరోజులో రికార్డయింది. మొత్తం 11 పాటలు. అన్నీ అప్పటికే జనం ఎరిగినవే. ‘చీక్ టు చీక్’ 1935లో ‘టాప్ హ్యాట్’ సినిమా కోసం ఇర్వింగ్ బెర్లిన్ రాసి బాణీ కట్టిన పాట. తెరమీద ఫ్రెడ్ అస్టేర్ పాడాడు. ‘ఎ ఫాగీ డే’ 1937లో గెర్ష్విన్ సోదరులు ఇంకో సినిమాకి చేసింది. ఇట్లా నాటకాలకీ సినిమాలకీ పుట్టి, పుట్టిల్లు మరుగున పడ్డా జనం నోట నిలిచిపోయిన పాటల్నే జాజ్‌లో స్టాండర్డ్స్ అంటారు.

అయితే మన పద్యానికీ ఆ పాటకీ ఒక పెద్ద తేడా ఉంది. రంగస్థల పద్యానికి తాళం కట్టు ఉండదు. హార్మోనియం వెంట నడుస్తుంది, ఊపిరి ఉన్నంతసేపు రాగం తీసుకోవచ్చు. జాజ్‌లో వెనక లెక్క ఆగదు. నాలుగు దెబ్బలు ఒక బార్. చాలా పాటలు 32 బార్లు, ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు. మొదటి రెండూ ఒకే బాణీ, మూడోది మారుతుంది, నాలుగోది మళ్లీ మొదటి బాణీకే వస్తుంది. ఈ రికార్డులో ఆ లెక్క కాసేవాళ్లు డ్రమ్స్ మీద బడీ రిచ్, బేస్ మీద రే బ్రౌన్. పియానో ఆస్కార్ పీటర్సన్, గిటారు హెర్బ్ ఎల్లిస్.

ఆ లెక్కతో పాడేవాళ్లు ఆడుకుంటారు. అసలు వినాల్సింది అదే. లూయీ మాటను దెబ్బ మీద వేయడు, దెబ్బ పడనిచ్చి ఎత్తుకుంటాడు. బస్సు కదిలాక పరిగెత్తి ఎక్కేవాడిని చూసినట్టుంటుంది. పడతాడేమో అని మనకే గుబులు. పడడు. ఆయనది బొంగురు గొంతు, ఎల్లాది తేట నీళ్లలాంటి గొంతు. ‘చీక్ టు చీక్’ ముందు ఆయన పాడి, తర్వాత ఆమెకు అప్పగిస్తాడు. మాటలు అవే, బాణీ అదే, పాట మాత్రం వేరే మనిషిదైపోతుంది.

‘మూన్‌లైట్ ఇన్ వెర్మాంట్’ మన చెవికి ఒక వింత. అంత్యప్రాస లేదు. మొదటి రెండు ముక్కలూ జపాను హైకూలాగా 5, 7, 5 అక్షరాల లెక్కలో సాగుతాయి, ఎనిమిది బార్లకు బదులు ఆరింటికే ముగుస్తాయి. రెండు బార్లు ముందే ఇల్లు చేరినట్టుంటుంది.

గొంతుతో పాడి ఊరుకోక లూయీ ట్రంపెట్ కూడా అందుకుంటాడు. మన ఈలపాట రఘురామయ్య కృష్ణుడి వేషంలో పద్యం పాడి, వేలు నోట పెట్టి ఈలలో రాగం పలికించేవాడు. రెండుచోట్లా మాట వదిలేశాక మిగిలేది ఆ మనిషి ఊపిరే.

ఒకే పాటను ఇద్దరూ పంచుకుని పాడి, పైన ట్రంపెట్ కూడా ఊదేంత తీరుబడి ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డు వల్ల దొరికింది. పాత 78 ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకే సూది ఎత్తాల్సి వచ్చేది. ప్లేట్లకెక్కిన మన నాటక పద్యాలదీ అదే ఇరుకు. 1948లో వచ్చిన ఎల్పీ ఒక వైపు ఇరవై నిమిషాలైనా తిరుగుతుంది.

‘ఎల్లా అండ్ లూయీ’ అట్టమీద ఫోటోలో ఇద్దరూ పక్కపక్కన కుర్చీల్లో కూర్చున్నారు. లూయీ మేజోళ్లు చీలమండల దాకా చుట్టుకుపోయి ఉన్నాయి. పద్యం అయిపోయి, కిరీటం తీసేసి, హార్మోనిస్టు పక్కన వచ్చి కూలబడిన వేషగాడి మాదిరి.