7.2ని 2.5తో భాగిస్తే సీటు పోయినట్టేనా?

థర్డ్ ఇయర్ అయ్యేసరికి చాలామంది చేసే లెక్క ఒకటుంది. సీజీపీఏని 2.5తో భాగించి "నా జీపీఏ ఇదీ" అనుకోవడం. పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్, అంటే ఎంపీహెచ్ చేద్దామనుకున్నవాళ్లకి ఈ లెక్క గట్టిగానే తగులుతుంది. అమెరికాలో చాలా యూనివర్సిటీలు 4కి 3.0 కనీసం ఉండాలంటాయి. మన 7.2ని భాగిస్తే వచ్చేది 2.88. అక్కడితో ల్యాప్‌టాప్ మూసేసి, "సరేలే, సాఫ్ట్‌వేరే చూసుకుందాం" అనేస్తారు. ఆ లెక్కే తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఒక సందేహం. బీటెక్ వాళ్లకి పబ్లిక్ హెల్త్‌తో పనేంటి? నల్గొండ పేరు మీద ఒక టెక్నాలజీ ఉందని మనలో ఎంతమందికి తెలుసు? నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్‌ని పటిక, సున్నంతో తీసేసే పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ దాన్ని తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని 'నల్గొండ టెక్నిక్' అనే పిలుస్తారు. వంగిపోయిన ఎముకల సమస్యకి సమాధానం ఆసుపత్రిలో కాకుండా నీళ్ల ట్యాంకు దగ్గర వెతికారన్నమాట. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందన్న ప్రశ్నకి ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు లేదు. అలాంటి చోట డాక్టరుతో పాటు నీళ్లు పరీక్షించేవాళ్లూ, డేటా చదవగలిగేవాళ్లూ కావాలి. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్, ఎన్విరాన్‌మెంటల్ హెల్త్, హెల్త్ పాలసీ: ఎంపీహెచ్‌లో ఉండేవి ఇవే. వీటిలో కనీసం రెండు మనకి మరీ కొత్తేం కాదు.

ఇక లెక్కకొద్దాం. మన గ్రేడ్ షీట్‌లో 'ఏ' అంటే 8 పాయింట్లు, యూజీసీ పద్ధతిలో దాని అర్థం 'చాలా బాగుంది'. 'బీ ప్లస్' అంటే 7, 'బాగుంది'. ఇప్పుడు 2.5తో భాగించండి. 'చాలా బాగుంది' కాస్తా 3.2 అవుతుంది, అంటే అమెరికా స్కేల్‌లో 'బీ' కంటే కొంచెం పైన. 'బాగుంది' 2.8కి, అంటే 'బీ' కిందకి జారిపోతుంది. మన దగ్గర 60 శాతానికే ఫస్ట్ క్లాస్ ఇస్తారు, అక్కడ 60 శాతం వస్తే పాస్ అయ్యామా లేదా అని చూసుకోవాలి. రెండు చోట్లా పేపర్లు దిద్దే తీరే వేరు. అలాంటప్పుడు రెండు స్కేళ్ల మధ్య గీత గీసినట్టు భాగిస్తే ఎలా కుదురుతుంది?

అందుకే ఈ పని చేయడానికి వేరే సంస్థలున్నాయి. అమెరికాలో పబ్లిక్ హెల్త్ కోర్సులకి చాలావరకు 'సోఫాస్' అనే ఒకే పోర్టల్ నుంచి అప్లై చేస్తాం, మన ఎంసెట్ కౌన్సెలింగ్ సైట్‌లా, కాకపోతే ర్యాంకులుండవు. విదేశీ మార్కులని 'వెస్' లాంటి సంస్థలు ఒక్కో సబ్జెక్టునీ తీసుకుని, ఆ యూనివర్సిటీ గ్రేడింగ్ చూసి, అమెరికా గ్రేడుకి మారుస్తాయి. అలా వచ్చిన జీపీఏ మనం భాగించి తెచ్చుకున్నదానికంటే ఎక్కువగానే ఉండే అవకాశం బాగా ఉంది. ఎంత ఎక్కువనేది మీ గ్రేడ్ షీట్‌ని బట్టి. కాబట్టి ఫామ్‌లో సొంతంగా మార్చిన అంకె వేయకండి, మీ స్కేల్‌లో ఉన్నది ఉన్నట్టే రాయండి. శాతం అడిగితే మీ యూనివర్సిటీ ఇచ్చిన ఫార్ములానే వాడండి. సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించే చోట 7.2కి 67 శాతం వస్తుంది, 0.75 తీసేసే చోట 64.5 వస్తుంది. పక్క యూనివర్సిటీ ఫ్రెండ్ ఫార్ములా మనకి పనికిరాదు.

"ఫైనల్ ఇయర్‌లో కుమ్మేసి లాగేస్తా" అనేవాళ్లకి ఇంకో లెక్క. మొత్తం 160 క్రెడిట్లు అనుకుందాం. మూడేళ్లలో 120 క్రెడిట్లకి 7.0 ఉంది. చివరి 40 క్రెడిట్లకి ఏకంగా 9.0 తెచ్చారు. మొత్తం ఎంత? 7.5. అంత కష్టపడితే అర పాయింటు! బాధగానే ఉంటుంది. కానీ అప్లికేషన్ చదివేవాళ్లకి కనిపించేది 7.5 ఒక్కటే కాదు, సెమిస్టర్లన్నీ వరసగా కనిపిస్తాయి. 6తో మొదలై 9కి ఎక్కిన ట్రాన్‌స్క్రిప్ట్, 9తో మొదలై 6కి దిగింది, రెండింటి సగటూ ఒకటే కావచ్చు, చదివినవాళ్లకి కలిగే నమ్మకం మాత్రం ఒకటి కాదు.

సబ్జెక్టులు కూడా విడివిడిగా చూస్తారు. బయోస్టాటిస్టిక్స్ తట్టుకోగలరా అన్నది వాళ్ల పెద్ద అనుమానం. మ్యాథ్స్, ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్‌లో మంచి గ్రేడ్లుంటే ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో వచ్చిన 'సీ' గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు (పట్టించుకోకూడదు కూడా!). స్టాటిస్టిక్స్‌లోనే బ్యాక్‌లాగ్ ఉంటే మాత్రం ఆ లోటుని వేరేదానితో పూడ్చాలి: జీఆర్‌ఈ క్వాంట్ స్కోరో, ఒక మంచి స్టాటిస్టిక్స్ కోర్సో, ఆర్‌లో చేసిన ప్రాజెక్టో. జీఆర్‌ఈ ఇప్పుడు చాలా ఎంపీహెచ్‌లకి తప్పనిసరి కాదు. సగటు తక్కువున్నవాళ్లకి అది భారం తగ్గినట్టే అనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఒక అవకాశం కూడా పోయినట్టే. మంచి స్కోరు వచ్చేలా ఉంటే ఆప్షనల్ అయినా రాసి పంపడమే మేలు.

మరి 3.0 అనే గీత నిజంగా ఏం చేస్తుంది? చాలాచోట్ల అది డిపార్ట్‌మెంట్ పెట్టింది కాదు, గ్రాడ్యుయేట్ స్కూల్ మొత్తానికీ ఉన్న రూల్. దానికి కాస్త కిందున్నవాళ్లని డిపార్ట్‌మెంట్ తీసుకోవాలనుకుంటే మినహాయింపు అడగొచ్చు, కొన్ని చోట్ల షరతు మీద సీటిస్తారు. అంటే మీ తరఫున అక్కడ ఎవరో ఒకరు వాదించాలి. వాళ్ల చేతికి మనం ఇవ్వగలిగేది స్టేట్‌మెంటూ, రికమెండేషన్ లెటర్లూ, చేసిన పనీ. తక్కువ గ్రేడుకి కారణముంటే రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకెళ్లాలి. స్టేట్‌మెంట్ సగం సంజాయిషీ అయిపోతే మిగతా సగం ఎవరూ చదవరు.

సగటు ఎంత బాగున్నా తెరుచుకోని తలుపులూ ఉన్నాయి. జాన్స్ హాప్కిన్స్ ఎంపీహెచ్ కావాలంటే ఆరోగ్య రంగంలో రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవమో, డాక్టరేట్ స్థాయి డిగ్రీయో ఉండాలి. బీటెక్ అయిన వెంటనే 9.5తో వెళ్లినా అక్కడ లాభం లేదు. అదే 7 ఉన్నవాళ్లు రెండేళ్లు ఒక హెల్త్ సర్వే టీమ్‌లోనో, తాగునీటి ప్రాజెక్టులోనో, ఆసుపత్రి డేటా మీదో పనిచేస్తే అప్లికేషన్ మొత్తం రూపే మారిపోతుంది.

అప్పు చేసి వెళ్లేవాళ్లు ఇంకోటి కూడా అడిగి తెలుసుకోవాలి. మామూలు ఎంపీహెచ్ స్టెమ్ జాబితాలో ఉండదు, బయోస్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ కోడ్లు ఉన్నాయి. చదువయ్యాక అక్కడ ఒక ఏడాది పనిచేయగలమా, మూడేళ్లా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. పేరు చూసి మోసపోకుండా, ఐ-20 మీద ఏ కోడ్ వేస్తారో చేరకముందే మెయిల్ చేసి కనుక్కోండి. ఇంట్లో వాళ్ల పేరు మీద తీసుకునే లోన్ అది.

దేశం దాటకూడదనుకుంటే త్రివేండ్రంలో శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్ ఉంది, హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐపీహెచ్ ఉన్నాయి. బీటెక్ వాళ్ల అర్హత ఏ ఏటికాయేడు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

చివరిగా, అందరూ ఆలస్యం చేసేది ట్రాన్‌స్క్రిప్టులు. అఫిలియేటెడ్ కాలేజీ అయితే అవి యూనివర్సిటీ నుంచి రావాలి, మన కాలేజీ ఆఫీసు నుంచి కాదు. డిసెంబర్ డెడ్‌లైన్‌కి నవంబర్‌లో క్యూలో నిలబడితే కుదరదు. ఆరో సెమిస్టర్ రిజల్ట్ రాగానే మీ ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లి ఎన్ని రోజులు పడుతుందో అడిగి రండి.