చౌదార్ చెరువు నుంచి దామోదర్ లోయ దాకా

అంబేడ్కర్ విగ్రహం చేతిలో మనకు రాజ్యాంగ గ్రంథమే కనిపిస్తుంది. 1942 జూలై నుంచి దాదాపు నాలుగేళ్లు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖతోపాటు నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలనూ ఆయనే నిర్వహించారన్న సంగతి ఏప్రిల్ 14 సభల్లో అరుదుగా వినబడుతుంది. నేటి పరిభాషలో ఆయన దేశానికి ఇంధన మంత్రి. ఆయనను ఒక వాడకు పరిమితం చేయదలచినవారికి ఈ మరుపు బాగానే కలిసివచ్చింది.

లండన్‌లో బారిస్టరై 1923లో బొంబాయి హైకోర్టులో వృత్తి ప్రారంభించిన అంబేడ్కర్‌కు కేసులు అప్పగించడానికి సవర్ణ సొలిసిటర్లు వెనుకాడారు. 1927లో మహద్‌లోని చౌదార్ చెరువు నీటిని ఆయన, ఆయన వెంట వేలాదిమంది దోసిట పట్టి తాగారు. ఆ చెరువు తమదేనంటూ సవర్ణులు దావా వేయగా న్యాయవాదే ప్రతివాదిగా నిలవవలసి వచ్చింది. అంటరానివారిని నిషేధించే అనాది ఆచారమేదీ రుజువు కాలేదని హైకోర్టు తేల్చేసరికి 1937 మార్చి వచ్చింది. గుక్కెడు నీటికి పదేళ్లు! మరో ఐదేళ్లకే మహానదుల భవితవ్యం ఆయన బల్ల మీదికి చేరింది.

1943 అక్టోబర్ 25న యుద్ధానంతర విద్యుదభివృద్ధిపై విధాన సంఘం ఎదుట మాట్లాడుతూ ఆయన ముందుకు తెచ్చిన ప్రశ్న యాజమాన్యానికి సంబంధించినది. విద్యుత్తు ప్రైవేటు వ్యక్తులదా, ప్రభుత్వానిదా? చౌకగా, సమృద్ధిగా విద్యుత్తు లేనిదే పారిశ్రామికీకరణ సాగదని, అది లేనిదే పేదరికం పోదని ఆయన వాదన. భూమి మీద జనభారం తగ్గాలంటే పరిశ్రమలే మార్గమని 1918లోనే రాసిన ఆర్థికవేత్త ఆయన. సెంటు భూమి లేని కులాలకు ఇది పల్లె పెత్తనం నుంచి బయటపడే దారి కూడా.

1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి, మరుసటి ఏడు నదుల కోసం కేంద్ర సంఘం ఏర్పడ్డాయి. 1943 దామోదర్ వరదల దరిమిలా, అమెరికాలోని టెన్నెసీ లోయ నమూనాలో వరద నివారణ, సాగు, విద్యుత్తు కలగలిసిన పథకం రూపుదిద్దుకుంది. 1945 నవంబరులో కటక్ సమావేశం మహానదిపై హిరాకుడ్‌కు బాట వేసింది. ఆ ఆనకట్టల కింద ఆదివాసుల ఊళ్లు మునిగాయి. ఆ లెక్కను ఈ కథలోంచి తీసివేయలేం.

మరొక చేదు నిజం. యుద్ధకాలపు బొగ్గు కొరత పేరిట 1943లో స్త్రీలను భూగర్భ గనుల్లోకి తిరిగి అనుమతించినది ఆయన శాఖే. శాసనసభలో ఆయన దానిని సమర్థించారు. దిగినవారిలో అత్యధికులు ఆదివాసీ, అట్టడుగు కులాల స్త్రీలు. నిషేధం మళ్లీ వచ్చింది 1946లో.

కీలక పరిశ్రమలు ప్రభుత్వానివే కావాలని 1947లో ఆయన ప్రతిపాదించారు. రాజ్యాంగంలోకి మాత్రం అది చేరలేదు. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని 38వ అంశమై మిగిలింది. అరవై ఏళ్లు నిండకముందే, 2000 ఆగస్టు 28న, విద్యుత్ సంస్కరణల కాలంలో పెరిగిన చార్జీలను నిరసిస్తూ సాగిన ఊరేగింపుపై బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు.