కొనుగోలుదారుని భాష

వస్తువును కొనేవారికి దానిని గురించిన సమాచారం కూడా అందాలి. అది తెలియని భాషలో ఉంటే చెల్లించిన ధరకు పూర్తి ప్రయోజనం దక్కదు.

కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో అధిక సంఖ్యాకుల మాతృభాష ఫ్రెంచి. ఆ భాషా రక్షణకు 1977లో అక్కడ ఒక శాసనం వెలువడింది. ఫ్రెంచి రూపం ఉన్న కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, ఆటలు ఫ్రెంచిలోనూ లభించాలనే నిబంధనను 1997లో దానికి చేర్చారు. 2009 ఏప్రిల్ నుండి కొత్త వీడియో గేముల అమ్మకంలో ఇది గట్టిగా అమలైంది. ఫ్రెంచి రూపమే లేని ఆటకు మాత్రం మినహాయింపు లభించింది.

మైపాడు, కృష్ణపట్నం వంటి తీరగ్రామాల ప్రజలు నెల్లూరు దుకాణంలో వీడియో గేము కొంటే పరిస్థితి వేరు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమావళి ప్రకారం పెట్టెపై ధర, తయారీదారు పేరు మొదలైన వివరాలు హిందీలో గాని ఆంగ్లంలో గాని ఉంటే చాలు. తెలుగును అదనంగా ముద్రించవచ్చు, నిర్బంధం లేదు.

పురుగుమందుల విషయం ఇందుకు భిన్నం. వాటితో ఇచ్చే కరపత్రం హిందీ, ఆంగ్లాలతోపాటు ప్రాంతీయ భాషలోనూ ఉండాలని 1971 నాటి నియమావళి ఆదేశించింది. వాడే విధానం, జాగ్రత్తలు, విషానికి విరుగుడు అందులో ఉంటాయి. ప్రాణాపాయం ఉన్నచోట రైతు భాష అవసరాన్ని చట్టం గుర్తించిందన్నమాట.

ఆటలో అంతటి అపాయం లేకపోయినా, అది ఏ వయసు పిల్లలకు తగినదో తల్లిదండ్రులకు తెలియాలి. అయితే క్వెబెక్ అనుభవం మరొకటి కూడా బోధిస్తుంది. ఉన్న రూపాన్ని అంగడికి రప్పించడం చట్టానికి సాధ్యం. తెలుగులో ఆటలను సృష్టించడం తెలుగువారి బాధ్యత.