దరువుపై తాళము పేరు

యక్షగాన పుస్తకము తెరచినచో పెక్కు దరువులపైన ఒక చిన్న మాట కనిపించును: త్రిపుట, జంపె, ఆది, ఏకతాళము. స్వరము వ్రాసి ఉండదు. వేగము వ్రాసి ఉండదు. నడకనుగూర్చి నటునికి దక్కు ఆజ్ఞ ఆ ఒక్క మాటయే. దానినెట్లు చదువవలెను?

నేటి వనపర్తి జిల్లాలోని కొత్తకోట ప్రాంతమునుండి వచ్చిన ఒక మేళముతో మేమొకమారు ధ్వనిముద్రణము చేయుచుంటిమి. మా గాయకుడు పుస్తకము చూచి, త్రిపుట దరువును ఏడేడు మాత్రలుగా తప్పులేక పాడెను. మేళములోని వృద్ధుడు విని, "లెక్క సరిగ్గనే ఉంది సారూ, గాని రాజు నడుస్తలేడు" అనెను.

ఆ మాటలోనే మర్మమున్నది. త్రిపుట యనగా ఉత్త ఏడు గాదు. మూడును నాలుగును: తకిట, తకధిమి. ఆ మూడవ మాత్రకడ పాదము ఒకింత ఆగి, నాలుగింటికి సాగును. జంపె పదము అయిదేసి మాత్రలతో ఊగును. 1656 ప్రాంతమున కాకునూరి అప్పకవి యక్షగాన పదములకు రగడలే మూలమని చెప్పెను. ఆ రగడల పేర్లు చూడుడు: త్రిపుట నడకగలది వృషభగతి, జంపె నడకగలది ద్విరదగతి. ఒకటి ఎద్దు నడక, మరియొకటి ఏనుగు నడక. పూర్వులు లెక్కతోపాటు నడకనుగూడ పేరులోనే పెట్టిరి.

ఈ చిక్కు మనకే గాదు. న్యూయార్కు నగరపు సంగీత నాటకముల స్వరపత్రములపై 'స్వింగ్' అని ఉండును. కాగితముపై రెండు స్వరములు సమానముగానే కనిపించును. వాయించునపుడు మొదటిది సాగును, రెండవది కురుచయగును. ఎంత సాగవలెనో ఆ మాట చెప్పదు. వేగము హెచ్చినకొలది ఆ తేడా తగ్గును. అది వినికిడిచే వచ్చు విద్య.

కావున తాళము పేరు చూచిన పిదప మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మాత్రలు ఎట్లు విరుగుచున్నవి? పాత్ర ఎవరు? సందర్భమేమి? ఒకే త్రిపుట శోకమున విలంబమగును, యుద్ధమున ద్రుతమగును.

నాటి ముద్రణము ముగియకమునుపు ఆ వృద్ధుడు గజ్జె కట్టి నడచి చూపెను. మా గాయకుడు ఆ పాదములను చూచుచు పాడెను. అపుడు రాజు నడచెను. మీ యిండ్లలో పాత యక్షగాన ప్రతులుండవచ్చును. పాడగల పెద్దలు ఉండగనే వారిచే పాడించి వినుడు. పుస్తకము మిగులును, నడక వారితోనే పోవును.